ప్లగ్గు వైరు మొండికేసినప్పుడు

(విశ్వకర్మ జయంతి రోజున శ్రీకాకుళంలో మోటారు మెకానిక్ ట్రేడు చదివే పిల్లల ముందు ఒక షెడ్డు మేస్త్రి మాట్లాడిన మాటలకు అక్షరరూపం.)

కూర్చోండి, కూర్చోండి. నేను పంతుల్ని కాదు, లేవక్కర్లేదు. వెనకాల ఫ్యాను కింద ఉన్నవాళ్లకు వినపడుతోందా? ఈ మైకు గరగరమంటోంది. దీని వైరు కూడా ఎవడో పట్టుకుని లాగి ఉంటాడు. (నవ్వులు)

మీ సారు ఫోను చేసి, "మేస్త్రి గారూ, మా పిల్లలకు ఇంజిన్ గురించి నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. ఇంజిన్ అంటే ఒక గంటలో అయ్యే కథా? అందుకని చాలా చిన్న పని ఒకటి పట్టుకొచ్చాను. కారు ఇంజిన్లో స్పార్కు ప్లగ్గుకు, అంటే పెట్రోలును మండించే నిప్పురవ్వ పుట్టించే ముక్కకు, అతుక్కుపోయిన వైరును ఊడదీయడం. అంతే. పుస్తకంలో దీనికి ఒక్క లైను ఉంటుంది, "ప్లగ్ వైర్లను తొలగించండి" అని. ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసులో నేను తిన్న తిట్లలో సగం ఆ ఒక్క లైను దగ్గర తిన్నవే.

మొదటి తిట్టు 1996లో. అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. ఏడు రోడ్ల కూడలి నుంచి కాస్త లోపలికి మా మేస్త్రి షెడ్డు ఉండేది. ఒక సాయంత్రం ఆరింటికి ఒక మాస్టారు తన మారుతి 800 తెచ్చారు. సెకండ్ హ్యాండ్ బండి. మర్నాడు తెల్లవారుజామునే పర్లాకిమిడి ప్రయాణం, అక్కడ కొడుకు నిశ్చితార్థం. "బాబూ, దారిలో ఇబ్బంది పెట్టకుండా ప్లగ్గులు ఒకసారి తీసి శుభ్రం చేసియ్యి" అన్నారు. బండికి రోగం లేదు, ఆ మాట గుర్తుపెట్టుకోండి. నడుచుకుంటూ వచ్చిన బండి.

మేస్త్రి టీకి వెళ్లాడు. నేను బానెట్ ఎత్తాను. ఒకటో సిలిండర్ వైరు వచ్చింది. రెండోది రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను, రాలేదు. ఒక కాలు బంపరుకు తన్నిపెట్టి, వైరును చేతికి ఒక చుట్టు చుట్టుకుని లాగాను. వచ్చింది. వైరు వచ్చింది, రబ్బరు తొడుగు మాత్రం ప్లగ్గు మీదే కూర్చుని ఉంది. నల్లటి తీగ కొస ఒకటి పీచుపీచుగా నా చేతిలో వేలాడుతోంది.

మేస్త్రి వచ్చి చూశాడు. కొట్టలేదు. "ఏటిరా, ములక్కాడ అనుకున్నావేటి? లాగితే కాయ రాదురా, కొమ్మే ఇరుగుతాది" అన్నాడు.

తర్వాత ఏమైందో చెప్తాను. రాత్రి ఎనిమిదయింది, స్పేర్ పార్టుల కొట్లు కట్టేశారు. మేస్త్రి మాకు తెలిసిన ఒక డాక్టరు గారింటికి వెళ్లి, తలుపు కొట్టి, ఆయన బండిలోంచి ఒక వైరు అరువు తెచ్చి మాస్టారి బండికి తొడిగి పంపించాడు. మర్నాడు నేను బస్సెక్కి విశాఖపట్నం వెళ్లి సెట్టు కొనుక్కొచ్చి డాక్టరు గారి బండికి వేశాను. పోనూ రానూ రెండొందల కిలోమీటర్ల పైమాటే. ఆ వారం నా కూలి ఆ సెట్టుకే సరిపోయింది. ఒక్క వైరు, అదీ బాగున్న వైరు.

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. ఆ వైరు ఎక్కడ పట్టుకుని ఉంది? మీరు చెప్పండి. ఎవరైనా.

(ఒక విద్యార్థి: "ప్లగ్గు పైన నట్టు దగ్గరండి.")

నేనూ అప్పుడు అలాగే అనుకున్నాను. కాదు నాన్నా. పైన ఉన్న నట్టుకూ వైరు లోపలి క్లిప్పుకూ ఉన్నది చొక్కా టిచ్ బటన్ లాంటి పట్టు. టక్కుమని పడుతుంది, టక్కుమని వస్తుంది. మొండికేసేది అక్కడ కాదు. దాని కింద, తెల్లటి పింగాణీ మీద. ఆ రబ్బరు తొడుగు లోపలి గోడ, పింగాణీ బయటి గోడ రెండూ ఒకదానికొకటి బిగుతుగా ఆనుకుని ఉంటాయి. అలా ఆనుకుని ఉండాలి కూడా, లేకపోతే తేమ లోపలికి పోతుంది, కరెంటు బయటికి దూకుతుంది. కానీ ఇంజిన్ రోజూ కాగుతుంది, చల్లారుతుంది, కాగుతుంది, చల్లారుతుంది. ఏళ్ల తరబడి అలా కాగిన రబ్బరు తన మెత్తదనం పోగొట్టుకుని పింగాణీని కరచుకుంటుంది. పైన వాల్వ్ కవర్ దగ్గర ఆయిల్ కారుతుంటే ఇంకా దరిద్రం. ఆయిల్‌లో నానిన రబ్బరు ముందు ఉబ్బుతుంది, తర్వాత జిడ్డుగా, బంకగా తయారవుతుంది.

ఇంకో కారణం ఉంది. ఇది ఎవరూ చెప్పరు గానీ నా అనుభవంలో ఇదే పెద్దది. వెనకటికి ప్లగ్గుల్ని తరచూ తీసేవాళ్లం. మసి గీకి, స్పార్కు దూకే సందు, అదే గ్యాప్, చూసి, మళ్లీ బిగించేవాళ్లం. ఏడాదికి రెండు మూడుసార్లు ఊడే వైరు అతుక్కోదు. ఇప్పుడు ఇరిడియం ప్లగ్గులొచ్చాయి, లక్ష కిలోమీటర్ల దాకా ముట్టుకోనక్కర్లేదంటారు. మంచిదే. అంటే ఆ తొడుగును కూడా అన్నేళ్లు ఎవడూ ముట్టుకోడు. ప్లగ్గు ఆయుష్షు పెరిగింది, తొడుగు మొండితనం కూడా దాంతోపాటే పెరిగింది.

మీలో పలాస వైపు వాళ్లు ఎందరు? చేతులెత్తండి. ఆ, నలుగురైదుగురు ఉన్నారు. మీకు జీడిపప్పు సంగతి నేను చెప్పక్కర్లేదు. పప్పు మీద ఎర్రటి పొర ఉంటుంది కదా. పప్పును ముందు వేడి చేసి ఆరబెడతారు, అప్పుడు మీ అమ్మలు, పిన్నులు వేలితో ఇలా అంటే పొర వచ్చేస్తుంది. వేడి చూపించకుండా గోటితో పీకితే పప్పు విరిగి బద్దవుతుంది. గుండు పప్పుకో ధర, బద్దకో ధర. అక్కడ బలం ఉన్నవాడికి కూలి ఎక్కువ రాదు. పొర ఎక్కడ వదులుతుందో తెలిసిన చేతికి వస్తుంది. మన పని కూడా ఇదే. పట్టు ఎక్కడ ఉందో అక్కడ వదిలించాలి. వైరు పట్టుకుని లాగినవాడు పట్టు లేనిచోట బలం చూపిస్తున్నాడు.

కోడి రామమూర్తి నాయుడు గారు మన వీరఘట్టం మనిషే. గొలుసులు పట్టుకుని కార్లను కదలకుండా ఆపేవారని మా తాత చెప్పేవాడు. అంతటి మనిషి వచ్చినా ఈ వైరు లాగితే తెగడమే, ఇంకా తొందరగా తెగుతుంది. (నవ్వులు)

ఎందుకు తెగుతుందో చూడండి. ఇదిగో, పాత వైరును బ్లేడుతో నిలువుగా చీల్చి తెచ్చాను. ముందు వరుసకు ఇవ్వండి, చూసి వెనక్కి పంపండి. పైన మందపాటి రబ్బరు, దాని లోపల అల్లిక, ఆ లోపల నడిమధ్యన నల్లటి దారం. రాగి ఏదీ? లేదు. అది గాజునార మీద కార్బన్ పట్టించిన దారం. పూర్వం అంబాసిడర్ల కాలంలో లోపల రాగి తీగే ఉండేది. రాగి తీగ గుండా స్పార్కు పోతుంటే రేడియోలో గరగర వచ్చేది. దాన్ని అణచడానికి కావాలనే నిరోధం ఉన్న దారం పెట్టారు. అడుగు వైరుకు కొన్ని వేల ఓములు ఉంటుంది. రాగి తీగను లాగితే ఓర్చుకునేది, అందుకే మా ముందు తరం మేస్త్రీలకు లాగడం అలవాటైపోయింది. వైరు మారింది, అలవాటు మారలేదు. నాకు నేర్పినవాళ్లను తప్పు పట్టడం లేదు, రాగి చేతులు కార్బన్ మీద పడ్డాయి, అంతే.

ఈ దారంతో ఉన్న చిక్కేమిటంటే, తెగినా బయటికి తెలీదు. ఆ మాస్టారి బండిలో లాగా మొత్తం ఊడొస్తే అదృష్టం, ఎక్కడ పోయిందో కనపడుతుంది. ఎక్కువసార్లు లోపల క్లిప్పు దగ్గర ఒక పిసరు విడిపోతుంది. పైన రబ్బరు నిగనిగలాడుతూ ఉంటుంది. మళ్లీ తొడిగి స్టార్ట్ చేస్తే బండి స్టార్టవుతుంది కూడా. ఇరవై వేల వోల్టుల పైన ఉన్న కరెంటుకు ఆ చిన్న సందు దూకడం ఒక లెక్కా? దూకుతుంది. దూకినప్పుడల్లా అక్కడ కాస్త కాలుస్తుంది, సందు పెద్దదవుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో రెండు చుట్లకు ఒకసారి స్పార్కు పడుతుంది. అది నిమిషానికి మూడు వేల చుట్లు, అంటే మూడు వేల ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఒక్కో ప్లగ్గులో సెకనుకు 25 సార్లు స్పార్కు పడాలి. అంటే సెకనుకు 25 దెబ్బలు ఆ సందు మీద. రెండు వారాల తర్వాత కస్టమరు వచ్చి "మీరు ముట్టుకున్నప్పటి నుంచే మిస్సింగ్ వస్తోంది" అంటాడు, అంటే ఒక సిలిండర్ సరిగా మండక ఇంజిన్ కుదుపుతోందని. మనం పెట్రోల్ మీద, కార్బురేటర్ మీద నెపం పెడతాం. పాపం మన చేతిదే.

అందుకే వైరు తీశాక మల్టీమీటర్ పెట్టి చూడండి. నాలుగు వైర్లనూ ఒకదాని పక్కన ఒకటి పోల్చండి. పొడుగు వైరుకు ఎక్కువ, పొట్టి వైరుకు తక్కువ రావాలి. ఒకటి మాత్రం అసలు రీడింగే చూపించకపోతే అది తెగినట్టు. మీటరు పెట్టి ఉంచి వైరును కాస్త అటూ ఇటూ వంచండి, రీడింగ్ గంతులేస్తే అది రేపో మాపో పోయేదే.

సరే, తీసే పద్ధతి. ఇక్కడ నెమ్మదిగా చెప్తాను, ఇదే ముఖ్యం.

ఇంజిన్ ఆపాలి, తాళం చెవి జేబులో వేసుకోవాలి. ఇంజిన్ మరీ వేడిగా ఉండకూడదు, మరీ చల్లగా కూడా వద్దు. తొడుగు మీద చెయ్యి పెడితే పాలగిన్నె అంత వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. గోరువెచ్చగా ఉన్న రబ్బరు చెప్పిన మాట వింటుంది. కానీ వైర్లు వెచ్చగా ఉన్నప్పుడు తీశాం కదా అని ప్లగ్గులు కూడా అప్పుడే విప్పేయొద్దు. ప్లగ్గు బిగించే హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. వేడికి ఉక్కు కంటే అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. వేడిలో పానా వేస్తే హెడ్డు థ్రెడ్డు దెబ్బతింటుంది. వైర్లు తీసి, ఒక టీ తాగి, ఇంజిన్ బాగా చల్లారాక ప్లగ్గుల దగ్గరికి రండి.

వైర్లకు ముందే గుర్తులు పెట్టుకోండి. తెల్ల టేపు ముక్క మీద 1, 2, 3, 4. మారుతి 800కి, ఓమ్ని వ్యానుకి మూడే సిలిండర్లు, ఫైరింగ్ ఆర్డర్, అంటే స్పార్కు పడే వరుస, 1-3-2. నాలుగు సిలిండర్ల బండ్లలో ఎక్కువవాటికి 1-3-4-2. వైర్లు తారుమారైతే సైలెన్సర్‌లో దీపావళి మొదలవుతుంది. ప్లగ్గులు విప్పకుండా వైర్లొక్కటే చూసే పనైతే, ఒకటి తీసి, ఆ పని ముగించి, అది పెట్టాకే రెండోది ముట్టుకుంటే టేపుతో పనే లేదు.

ఇప్పుడు చెయ్యి. ఇలా చూడండి. వైరును వదిలేయండి, దానితో మనకు పని లేదు. తొడుగును పట్టుకోవాలి. అది కూడా పైఅంచు కాదు, వీలైనంత కిందికి, పింగాణీని కరచుకున్న చోట. జిడ్డుగా ఉంటే గుడ్డ పేలిక చుట్టండి. పట్టుకుని, లాగకుండా, తిప్పండి. జాడీ మూత తిప్పినట్టు. కుడికి పావు చుట్టు, ఎడమకి పావు చుట్టు. మొదట్లో కదలదు. వేళ్ల కింద రబ్బరు మెలి పడుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. అక్కడ ఆపి, ఊపిరి తీసుకుని, మళ్లీ రెండోవైపు. కాసేపటికి లోపల ఎక్కడో ఒక చిన్న చప్పుడు వస్తుంది, తడి నేల మీంచి చెప్పు లేచినప్పుడు వస్తుందే, అలాంటిది. చెవి దగ్గర పెట్టుకుంటే గానీ వినపడదు, కానీ వేలికి తప్పకుండా తెలుస్తుంది. అప్పటిదాకా మెలిపడిన రబ్బరు మొత్తం ఒక్కటిగా జారుతుంది. అదే మీరు ఎదురు చూడాల్సిన క్షణం. ఆ చప్పుడు రాకముందు పైకి లాగినవాడు నేను, పందొమ్మిదేళ్లప్పుడు.

తొడుగు ప్లగ్గు చుట్టూ తేలిగ్గా తిరుగుతోందని నిర్ధారణ చేసుకుని, అప్పుడు ప్లగ్గు ఏ కోణంలో ఉందో ఆ కోణంలోనే పైకి తీయండి. పక్కకి వంచితే పింగాణీ పగులుతుంది. ఆ పగులు వెంట్రుకంత ఉంటుంది, కంటికి ఆనదు. అందులోంచి కరెంటు జారుకుంటుంది. మళ్లీ మిస్సింగ్, మళ్లీ అందరం కార్బురేటర్ మీద పడటం.

చేతితో తిరగలేదనుకోండి. మార్కెట్లో దీనికోసమే వంపు మూతితో ప్లేయర్లు దొరుకుతాయి, మూతికి రబ్బరు పూత ఉంటుంది. మా షెడ్డులో అది లేని రోజుల్లో పొడుగు ముక్కు ప్లేయరు రెండు దవడలకూ పెట్రోల్ పైపు ముక్కలు తొడిగి వాడాం. ఇప్పటికీ నా పెట్టెలో అదే ఉంది. ఉత్త ప్లేయరుతో పట్టుకుంటే తొడుగు నలిగి చిల్లు పడుతుంది. ప్లేయరు పెట్టినా చేసే పని అదే, తిప్పడమే.

అదీ కాలేదా? కంప్రెసర్ గాలి. సూది నాజిల్ ఉంటే తొడుగు కింది అంచును కాస్త ఎత్తి, ఆ సందులోకి పుసుక్కున ఒక్కసారి ఊదండి. గాలి పింగాణీ చుట్టూ దూరి తొడుగును బెలూన్‌లా ఒక్క క్షణం ఉబ్బిస్తుంది, పట్టు వదిలేస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ గుంటలో ఉన్న ఇసకంతా మీ మొహం మీదికే వస్తుంది. ఆ ఇసక ఇప్పుడే బయటికి రావడం కూడా మంచిదే. ప్లగ్గు విప్పాక అయితే తిన్నగా సిలిండర్లోకి పడుతుంది.

గాలి కూడా లేని చోట, అంటే రోడ్డు పక్కన, నేను సైకిల్ స్పోకు వాడతాను. చివర కొద్దిగా వంచి, మొన ఆకురాయితో గుండ్రంగా అరగదీసి పెట్టుకున్నాను. దాన్ని రబ్బరుకూ పింగాణీకీ మధ్య మెల్లగా దూర్చి, చుట్టూ ఒక ప్రదక్షిణ చేయిస్తే చాలు. దోసె అంచుల చుట్టూ అట్లకాడ తిప్పుతాం చూడండి, అలాగ. ఆ సందులోకి ఒక చుక్క సిలికాన్ స్ప్రే వేస్తే ఇంకా మంచిది.

(ఒక విద్యార్థిని: "సార్, తుప్పు వదలడానికి కొట్టే స్ప్రే వాడొచ్చా? కిరసనాయిలో?")

మంచి ప్రశ్న అడిగావమ్మా. వాడొద్దు. అవి పెట్రోలియం సరుకు. బోల్టుకు బాగుంటుంది, రబ్బరుకు విషం. ఆ రోజుకు జారి వచ్చేస్తుంది, నువ్వు సంతోషిస్తావు, నెల తిరిగేసరికి తొడుగు ఉబ్బి మెత్తబడి చీలిపోతుంది. ఆ వైర్లు ఎలాగూ పారేసి కొత్తవి వేస్తున్నావనుకో, అప్పుడు నీ ఇష్టం, అదీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. వేడి ఇంజిన్ మీద మండే సరుకు చల్లడం ఏం పని?

ఇక అన్నీ అయిపోయాయి, అయినా రాలేదు. ఇక్కడ మీరు షెడ్డు ఓనరులా ఆలోచించాలి. మూడు వస్తువులున్నాయి. వైరు, ప్లగ్గు, హెడ్డు. ఒకటి పోక తప్పకపోతే ఏది పోవాలి? వైరు చవక. ప్లగ్గు దాని తర్వాత. హెడ్డు థ్రెడ్డు పోతే బండి నాలుగు రోజులు లేవదు. కాబట్టి వైరును బలివ్వండి, నిర్మొహమాటంగా. కొత్త బ్లేడుతో తొడుగును నిలువుగా, పైనుంచి కిందికి ఒక్క గీత గీసి, అరటి తొక్కలా విప్పేయండి. ఒక్క షరతు. కొత్త సెట్టు చేతిలో పడ్డాకే బ్లేడు తీయాలి. కస్టమర్‌కి ముందే ఫోను చేసి చెప్పాలి. మాస్టారి రాత్రి నాకు నేర్పింది ఇదొక్కటే. లాగడం తప్పు సరే, కొట్లు కట్టేసే వేళకి నడుస్తున్న బండిని ముట్టుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

కోశాక క్లిప్పు ప్లగ్గు మీదే ఉండిపోతే ముక్కు ప్లేయరుతో నిటారుగా పైకి తీయండి. కొన్నిసార్లు ప్లగ్గు నెత్తిన ఉన్న చిన్న నట్టు కూడా తొడుగులో ఇరుక్కుని వచ్చేస్తుంది. కంగారు పడకండి, చాలా ప్లగ్గులకు అది మర నట్టే. తీసి, తిరిగి ప్లేయరుతో బిగించి పెట్టాలి, చేత్తో వదిలేస్తే మళ్లీ వదులవుతుంది. కొత్త ప్లగ్గు పెట్టేటప్పుడు కూడా ఈ నట్టు బిగుతుగా ఉందో లేదో ఒకసారి చూడండి. గుంటలో పడిన రబ్బరు తునకలన్నీ ఏరేశాకే ప్లగ్గుకు పానా వేయండి.

మన జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. కళింగపట్నం, భావనపాడు, బారువ, ఈ సముద్రం ఒడ్డు ఊళ్ల బండ్లు వస్తే నేను బానెట్ ఎత్తగానే వైర్ల కొసలు చూస్తాను. ఉప్పుగాలి. ఇత్తడి ముక్కల మీద పచ్చటి చిలుము, ఇనప క్లిప్పు మీద తుప్పు. అక్కడ మాత్రం రబ్బరొక్కటే కాదు, లోపల క్లిప్పు కూడా నట్టును పట్టేసి ఉంటుంది. తిప్పుడు పని రెట్టింపు ఓపికతో చేయాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం నుంచి ఒక ఓమ్ని వచ్చింది. కొబ్బరిచెట్లు పడి దారి లేక, ఆ తర్వాత బండి పట్టించుకునే తీరిక లేక, రెండు నెలలు అలాగే నిలబడిపోయింది. ఓమ్నికి ఇంజిన్ ముందు సీట్ల కిందే కదా. సీటు ఎత్తితే లోపల ఇసక, ఆకులు, ఒక మూల ఎలుక గూడు. మూడు వైర్లలో ఒకదాన్ని ఎలుకే సగం కొరికి మా పని తగ్గించింది. మిగతా రెండూ తీయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఆ యజమాని పక్కనే పీట వేసుకుని కూర్చుని, తన తోటలో ఎన్ని చెట్లు పోయాయో ఒక్కొక్కటే చెప్పాడు. నాకు తిప్పడానికి తొందర పుట్టలేదు. ఇంత నెమ్మదిగా నేను ఏ బండికీ చేయలేదు. రెండు వైర్లూ చెక్కుచెదరకుండా వచ్చాయి.

సరే. తిరిగి తొడిగేటప్పుడు చేసే పని తీసేటప్పటి కష్టానికి మందు. పనసపండు కోసే ముందు చేతికీ కత్తికీ నూనె ఎందుకు రాస్తారు? బంక అంటకుండా. ఇక్కడ నూనె బదులు డైఎలక్ట్రిక్ గ్రీజు, అంటే సిలికాన్ గ్రీజు. తొడుగు లోపలి అంచు చుట్టూ పెసరగింజంత పూయాలి. బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు కాదు, అది రబ్బరును తినేస్తుంది. ఈ సిలికాన్ గ్రీజు కరెంటును పోనివ్వదు, తేమను రానివ్వదు, రబ్బరును అంటనివ్వదు. కరెంటును పోనివ్వదు కాబట్టే క్లిప్పు నిండా కూరకూడదు. పింగాణీని పొడి గుడ్డతో మెరిసేలా తుడవండి, మీ వేలి జిడ్డు కూడా ఉండకూడదు. తొడిగి నొక్కితే టక్కుమని చప్పుడు రావాలి. రాకపోతే సరిగా కూర్చోలేదన్నమాట.

పాత పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కనపడితే, కరెంటు తొడుగులోంచి తప్పించుకుని ఆ దారిన హెడ్డులోకి దిగుతోందని అర్థం. ఆ ప్లగ్గు, ఆ వైరు రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని చెడగొడుతుంది. అనుమానం ఉంటే రాత్రిపూట లైట్లు ఆపి, బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి దూరంగా నిలబడి చూడండి. వైర్ల వెంట నీలంగా మిణుగురుల్లా కనపడుతుంది. చూడటమే, ముట్టుకోవడం కాదు.

ముట్టుకోవడం అంటే గుర్తొచ్చింది. ఏ సిలిండర్ చచ్చిందో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో వైరు పీకి చూడటం పాత అలవాటు. నేనూ చేశాను, భుజం దాకా జివ్వుమంది, వెనక్కి పడి తల బానెట్‌కి కొట్టుకుంది. ఇప్పటి బండ్లలో అలా చేస్తే మీకే కాదు, స్పార్కు కరెంటు పుట్టించే కాయిల్‌కీ కంప్యూటర్‌కీ ముప్పు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అది కూడా మాడుతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను నడుస్తున్న ఇంజిన్ మీదికి వంగనివ్వకండి. ఇందులో వేళాకోళం లేదు.

(వెనక నుంచి ఒక విద్యార్థి: "మేస్త్రి గారూ, కొత్త బండ్లకు వైర్లే లేవు కదండీ. ప్లగ్గు మీద కాయిలే వస్తోంది. ఇదంతా మాకెందుకండి?")

ఎప్పుడు అడుగుతారా అని చూస్తున్నాను. (నవ్వులు) నిజమే, వైరు పోయింది. తొడుగు పోయిందా? కాయిల్ కింద పొడుగ్గా వేలాడుతోందే, అదేమిటి? అదే రబ్బరు, అదే పింగాణీ, అదే వేడి. పైగా ఇప్పుడు అది లోతైన గుంటలో ఉంటుంది, చెయ్యి దూరదు. కనెక్టర్ లాక్ నొక్కి తీయండి, బోల్టు విప్పండి, కాయిల్‌ను పట్టుకుని అటూ ఇటూ తిప్పండి, అప్పుడు పైకి. లాగితే తొడుగు గుంటలో ఉండిపోయి కాయిల్ ఒక్కటే చేతికొస్తుంది. వైరు ధర ఎక్కడ, కాయిల్ ధర ఎక్కడ? వైరు తెంపి నేను ఒక వారం కూలి పోగొట్టుకున్నాను. నువ్వు కాయిల్ విరగ్గొడితే ఎన్ని వారాలో మీ ఓనరు చెప్తాడు. ఇంతకీ నువ్వు డీజిల్ బండ్లు మాత్రమే చేస్తానంటే చెప్పు, వాటికి స్పార్కు ప్లగ్గే లేదు, ఇంటికెళ్లి పడుకోవచ్చు.

సరే, మాటలు చాలు. అదిగో, ఆ మూల స్టాండు మీద మారుతి ఇంజిన్ ఉంది. మీ సారు పోయినేడాది తుక్కులోంచి తెప్పించారట. నేను ఇందాక వచ్చేటప్పుడు చూసుకున్నాను. ఒకటో వైరు, మూడోది తేలిగ్గానే ఉన్నాయి. రెండోది కదల్లేదు. నేను కావాలనే వదిలేశాను. స్పోకు, గుడ్డ పేలిక, నా పాత ప్లేయరు ఆ బల్ల మీద పెట్టాను. బ్లేడు నా జేబులోనే ఉంటుంది, అది మీకివ్వను. ముందు ఎవరొస్తారు? నువ్వు రామ్మా, కిరసనాయిలు అడిగిన పిల్లవి. చేతికి గాజులుంటే తీసి పక్కన పెట్టు. మిగతావాళ్లు కాస్త నిశ్శబ్దంగా ఉండండి, ఆ చప్పుడు వినపడాలి.